కాన్ఫోకల్ గదిలోకి పోయేముందు

రేపు స్లాట్ దొరికిన జూనియర్లకే చెబుతున్నా, ఆ కాన్ఫోకల్ (లేజర్‌తో పొరలు పొరలుగా ఫొటో తీసే) మైక్రోస్కోప్ మన ల్యాబ్‌ది కాదు, యూనివర్సిటీలో అందరిదీ.

☐ ముందు లాగ్‌బుక్ చూడండి. మెర్క్యురీ ల్యాంప్ ఆపి అరగంట కాకపోతే మళ్లీ వెయ్యొద్దు, వేడి మీద వేస్తే బల్బు పేలొచ్చు. మీ తర్వాత ఇంకొకరి స్లాట్ ఉంటే అసలు ఆపకండి.

☐ నూనె చుక్క వెయ్యాల్సింది ‘ఆయిల్’ అని రాసున్న లెన్స్‌కే. పోయినేడు నేను స్లైడు తుడవకుండా 20ఎక్స్ డ్రై (నూనె తగలకూడని) లెన్స్ తిప్పేశా, జిగటంతా దానికే అంటుకుని వారం పాటు ఏ ఫొటో చూసినా పొగమంచు పట్టినట్టే, పైగా అందరి చేతా చీవాట్లు. లెన్స్ పేపర్‌తోనే తుడవండి, చొక్కా అంచుతో కాదు.

☐ క్రయోస్టాట్ (గడ్డకట్టిన కణజాలాన్ని పలచగా కోసే యంత్రం) వాడేవాళ్లు: ఎలుక మెదడు 30 శాతం సుక్రోజ్ (చక్కెర) ద్రావణంలో అడుగుకు మునిగాకే గడ్డకట్టించాలి. తేలుతోందా, ఇంకో రోజు ఆగండి. తొందరపడితే మంచు పలుకులు కణజాలాన్ని చిల్లులు చేసేస్తాయి. బ్లేడు గార్డు వెయ్యకుండా లోపల చెయ్యి పెట్టొద్దు.

☐ కోసిన ముక్కలకు వెలుతురు తగలనీయకండి, ఫ్లోరోసెన్స్ (మైక్రోస్కోప్ కింద కనబడే రంగుల మెరుపు) చచ్చిపోతుంది. అల్యూమినియం ఫాయిల్ చాలు.

☐ రోహిణీ కార్తెలో నెల్లూరు కరెంటు సంగతి మీకు చెప్పాలా? యూపీఎస్ చూసుకుని, ప్రతి స్కాన్ కాగానే సేవ్ చెయ్యండి.

☐ బయటి పెన్‌డ్రైవ్ మాత్రం వద్దు బాబూ.