బ్రేక్ టైట్ చేసినా మళ్ల లూజ్ అయితున్నదా? ముందుగాల చక్రం తిప్పి చూడుర్రి

జూన్ల బడులు తెరిచినయంటే చాలు, మా ఇంటి ముంగట పోరగాళ్ల సైకిళ్లు లైన్ కడ్తయ్. అందరిదీ ఒక్కటే మాట, బ్రేక్ పడ్తలేదని. పొద్దున బయల్దేరేటప్పుడు పట్టి చూసినవారా అంటే ఒక్కడు కూడ చూసిన అనడు. గాలి నొక్కి చూస్తరు, బెల్లు కొట్టి చూస్తరు, బ్రేక్ మాత్రం హన్మకొండ చౌరస్తాల ఆటో అడ్డమొచ్చినంక యాదికొస్తది.

పది సెకన్ల పని అది. కింద నిలబడి వెనక బ్రేక్ గట్టిగ పట్టి ముందుకు నూకితే వెనక చక్రం తిరగొద్దు, రాక్కుంట రావాలె. ముందు బ్రేక్ పట్టి నూకితే వెనక చక్రం లేవాలె. లివర్ పోయి హ్యాండిల్‌కు తాకిందంటే ఆ సైకిల్ ఆ రోజు బయటికి తీయొద్దు. వైర్ సాగితే గుంజి కట్టుడు, రిమ్మును పట్టే బ్రేక్ రబ్బర్ మీది గీతలు అరిగిపోతే కొత్తయి వేసుడు, ఇది అందరికి తెల్సిందే.

నన్ను సతాయించింది వేరే ఉంది. మా అక్క కొడుకు సైకిల్‌కు రెండుసార్లు వైర్ గుంజి కట్టిన, మూడోసారి వైరే మార్చిన, అయినా వారం తిరగకముందే "మామా, మళ్ల గదే" అనుకుంట వచ్చిండు. ఒకనాడు వాని బూట్లు చూస్తే ముందట అడుగు అరిగిపోయి ఉన్నయ్, ఏందిరా అంటే కాజీపేట ఫాతిమా నగర్ బ్రిడ్జి దిగేటప్పుడు కాళ్లు రోడ్డుకు రాసుకుంట ఆపుతున్నడట! నాకు గుండె జారింది. సంగతేందంటే, నేను టైట్ చేసినప్పుడల్లా చక్రం రాసుకొని తొక్కుడు బరువైతున్నదని వాడు దారిల ఒక షాపుల ఆపుతున్నడు, ఆయన బ్రేక్ లూజ్ చేసి పంపుతున్నడు. తప్పు బ్రేక్‌ది కాదు, రిమ్ముది. దోస్తును క్యారియర్ మీద కూసోబెట్టుకొని స్పీడ్ బ్రేకర్లు దుంకిస్తే బెండ్ రాక ఏమైతది?

అందుకే బ్రేక్ ముట్టకముందు వెనక చక్రం లేపి తిప్పుర్రి, రబ్బర్‌కు రిమ్ముకు మధ్య సందు చూడుర్రి. సందు ఒకసారి తగ్గుకుంట ఒకసారి పెరుగుకుంట ఉంటే బెండే. ఎప్పుడూ ఒకే దిక్కు రాసుకుంటే బెండ్ కాదు, చక్రం వంకరగ కూసున్నది, నట్లు విప్పి మధ్యల పెట్టి బిగిస్తే అయిపాయె.

బెండ్ అయితే స్పోకులు రెండు రెండు పట్టి పిసికి చూడుర్రి, లూజ్‌వి చేతికే తెలుస్తయ్. రిమ్ము ఎడమకు పోతున్న కాడ కుడి దిక్కు స్పోకులు బిగించాలె, ఎడమవి జర వదలాలె, ఒక్కోసారి పావు తిప్పే, ఎక్కువ తిప్పితే ఇంకో దిక్కు లేస్తది. చేతకాకపోతే షాపుల "బెండ్ తీయి" అని అడుగుర్రి, "బ్రేక్ చూడు" అంటే మళ్ల లూజే చేస్తరు. సందు సమానం అయినంకనే బ్రేక్ టైట్ చేసుడు.

చైన్‌కు పోసిన ఆయిల్ రిమ్ముకు అంటినా బ్రేక్ జారుతది, సబ్బు నీళ్లతోని కడుగుర్రి, రబ్బర్‌కు కూడ పట్టిందంటే మార్చుడే. వానల ఎట్లాగూ లేటుగ పడ్తది, మెల్లగ పోవాలె. చక్రం పక్కలకు టకటక ఊగుతుంటే అది యాక్సిల్ కాడ బాల్స్‌ను పట్టుకునే కోన్లు లూజ్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ వంగుడు నేను ఇన్నేండ్లల రెండు మూడే చూసిన, అవి షాపోళ్లకే వదిలేయుర్రి.