తెలియని పద్యాన్ని పిల్లలతోనే విప్పించడం

పర్లాకిమిడి, బరంపురం వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు అపరిచిత పద్యం ఇచ్చేటప్పుడు నాలుగు పాదాలు చాలు. కవి పేరు, భావం ముందే చెప్పకండి. చెబితే పద్యం వైపు చూడరు, మీ మాటే తిరిగి రాస్తారు.

మీరే రెండుసార్లు పైకి చదవండి: ఒకసారి రాగంతో, ఒకసారి మాటలు విడదీసి. అసలు చిక్కంతా సంధుల దగ్గరే. 'వాన వచ్చుననుచు వాకిట నిలిచె' అన్నచోట 'నను' దగ్గర ఆగి 'నన్ను' అనుకుంటారు. వచ్చును, అనుచు అని బోర్డు మీద వాళ్లచేతే విడదీయించాలి. తర్వాత క్రియ వెతికించండి: నిలిచె. ఎవరు? ఎక్కడ? ఎందుకు? ఈ మూడూ తేలితే అన్వయం కుదిరినట్టే. కర్త ఆ పాదంలో లేకపోతే కింది పాదాల్లో చూడమనండి.

అర్థం మొదట ఒడియాలో చెప్పినా ఆపొద్దు, ఆలోచన తెగిపోతుంది. రాసేది మాత్రం తెలుగులోనే.

అలంకారం పేరు చివర్లో చూసుకోవచ్చు. 'కవి చక్కగా వర్ణించాడు' అనే వాక్యానికి మార్కు వేయకండి. ప్రతి అభిప్రాయం పక్కనా పద్యంలోని మాట ఒకటి ఉండాలి. 'ఇంట' అనకుండా 'వాకిట' అని ఎందుకన్నాడో అడిగి, కాసేపు ఆగండి. ఎదురుచూపు గురించి వాళ్లే చెబుతారు.