ఫ్రీజర్ కంప్రెసర్ వేడికి లిక్విడ్ ఇంజెక్షన్ వాల్వు: ఎప్పుడు, ఎలా బిగించాలి

విశాఖ ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల రొయ్యలు, చేపలు నిల్వ చేసే చిన్న ఫ్రీజర్ గదుల కంప్రెసర్లకు వేసవి గడ్డుకాలం. ఆర్22 గ్యాసు మైనస్ 30 డిగ్రీల దగ్గర మరిగి, 45 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతుంటే సక్షన్ (కంప్రెసర్ గ్యాసు పీల్చుకునే వైపు) గేజి 9, డిశ్చార్జి (నొక్కి బయటికి పంపే వైపు) గేజి 236 పీఎస్ఐ పీడనం చూపిస్తాయి. రెండింటికీ గాలి పీడనం 14.7 కలిపి భాగిస్తే పదిన్నర రెట్లు. ఒక్క దశలో అంతగా నొక్కితే గ్యాసు బాగా కాగుతుంది, నూనె పలచబడుతుంది, రీడ్ వాల్వుల (కంప్రెసర్ లోపల తెరుచుకుని మూసుకునే పల్చటి రేకుల) మీద మసి కడుతుంది.

ముందు కొలవండి. కంప్రెసర్ నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో డిశ్చార్జి పైపు మీద ప్రోబు కట్టండి. 107 డిగ్రీలు దాటిందంటే ప్రమాదమే, ఎందుకంటే లోపల వేడి ఇంకా ఎక్కువ.

అయినా వాల్వు కొనడానికి తొందరపడొద్దు. ఉప్పుగాలికి కండెన్సర్ (వేడి గ్యాసును చల్లార్చి ద్రవంగా మార్చే భాగం) రెక్కలు పాడైపోయాయా, ఫ్యాన్ తిరుగుతోందా, సక్షన్ పైపు ఇన్సులేషన్ చిరిగిందా, గ్యాసు తగ్గిందా అని చూడండి. ఇవి బాగుచేయకుండా వాల్వు పెడితే జబ్బు కనబడకుండా పోతుంది, అంతే.

అన్నీ సరిగ్గా ఉన్నా వేడి తగ్గకపోతే అప్పుడు ఈ లిక్విడ్ ఇంజెక్షన్ వాల్వు. పైపుకు కట్టే దీని బల్బు (చిన్న లోహపు గొట్టం) డిశ్చార్జి వేడిని పసిగడుతుంది. వేడి పెరిగితే తెరుచుకుని కొద్దిగా ద్రవ గ్యాసు వదులుతుంది, అది ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. చల్లబరిచే కాయిల్‌కు ద్రవం వదిలే మామూలు ఎక్స్‌పాన్షన్ వాల్వు దీనికి పనికిరాదు. దాని బల్బు చల్లటి సక్షన్ పైపు కోసం చేసింది, డిశ్చార్జి మీద కడితే ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది.

డ్రయ్యర్ (తేమ పీల్చే డబ్బా) తర్వాత లిక్విడ్ లైనుకు టీ జాయింటు వేసి, వరుసగా స్ట్రైనర్ (జల్లెడ), సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు), ఆపైన ఈ వాల్వు పెట్టండి. సోలినాయిడ్‌ను కంప్రెసర్ కాంటాక్టర్‌తో (మోటారుకు కరెంటిచ్చే స్విచ్చితో) కలపండి. లేకపోతే ఆగి ఉన్న కంప్రెసర్‌లోకి ద్రవం చేరి, మళ్లీ స్టార్ట్ చేయగానే రీడ్లు విరుగుతాయి. ద్రవం ఎక్కడ వదలాలో కంపెనీ కాగితంలోనే ఉంటుంది, ఇష్టమొచ్చిన చోట కన్నం పెట్టకండి. బ్రేజింగ్ చేసేటప్పుడు పైపులో నైట్రోజన్ పారాలి, వాల్వుకు తడిగుడ్డ చుట్టాలి.

ఎక్కువమంది పొరపడేది బల్బు దగ్గరే. పైపును గీకి మెరిసేలా చేసి, హీట్ పేస్టు రాసి, లోహపు క్లిప్పులతో బిగించండి. ప్లాస్టిక్ టై వేడికి మెత్తబడి జారిపోతుంది. మామూలు నల్ల ఫోమ్ కూడా ఆ వేడికి నిలవదు, గ్లాస్‌వూల్ చుట్టండి. బల్బు వదులైతే అది చల్లగా ఉందనుకుని వాల్వు మూసుకుపోతుంది, కంప్రెసర్ కాలుతుంది. బల్బును వాల్వుకు కలిపే సన్నటి గొట్టం, కేపిలరీ, ఒరుసుకుని చిల్లుపడినా అంతే.

సెట్టింగ్‌కు తొందర వద్దు. స్క్రూ పావు చుట్టు తిప్పి ఇరవై నిమిషాలు ఆగి చూడండి. ఏ వైపు తిప్పాలో వాల్వు కంపెనీని బట్టి మారుతుంది. డిశ్చార్జి లైను 90-100 మధ్య నిలిస్తే మంచిది. కండెన్సింగ్ 45 ఉండగా లైను 65 కన్నా దిగితే ద్రవం ఎక్కువైనట్టే, నూనె కొట్టుకుపోతుంది. వెంటనే తగ్గించండి. వాల్వు తెరిచినా వేడి దిగకపోతే ముందు స్ట్రైనర్ విప్పండి, తర్వాత సైట్ గ్లాసు (లిక్విడ్ లైనులో ద్రవం కనబడే చిన్న అద్దం) చూడండి. బుడగలుంటే వాల్వుకు ద్రవమే అందడం లేదు.

ఐసు ప్లాంట్లలోని అమ్మోనియాకు ఇత్తడి, రాగి భాగాలు వాడకూడదు. అక్కడ స్టీలు వాల్వులే పెట్టాలి.