హైదరాబాద్‌లో ఏ జబ్బుకి ఏ సర్కారు దవాఖానకి పోవాలి

జ్వరం, దగ్గు, బీపీ, షుగర్ లాంటివాటికి నేరుగా గాంధీకో ఉస్మానియాకో పోకండి, ముందు మీ బస్తీ దవాఖానకి (మీ ఏరియాలో ఉండే చిన్న సర్కారు క్లినిక్) వెళ్లండి, డాక్టర్ అక్కడే చూస్తారు, మందులు ఫ్రీ, టెస్టులకి శాంపిల్ కూడా అక్కడే తీస్కుంటారు, కాకపోతే పగటిపూటే ఉంటుంది. వాళ్లు పెద్దాస్పత్రికి రాస్తే ఆ చీటీ పారేయొద్దు.

పిల్లలకి సీరియస్‌గా ఉంటే నీలోఫర్, కళ్లకి మెహదీపట్నం సరోజినీదేవి, కాన్పులకి కోఠి లేదా పేట్లబుర్జు, టీబీకి ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, క్యాన్సర్‌కి రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే.

కుక్క కరిస్తే మాత్రం దయచేసి పసుపు, కారం పెట్టకండి, ముందు సబ్బు పెట్టి 15 నిమిషాలు పంపు కింద గాయం బాగా కడిగి, అదే రోజు నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి పోండి, రేబిస్ సూది డోసులన్నీ చెప్పిన తేదీలకి పూర్తిగా వేయించుకోండి.

యాక్సిడెంట్, గుండెనొప్పి, పక్షవాతం అయితే ఇవేం ఆలోచించొద్దు, వెంటనే 108కి కొట్టండి.

ఓపీకి పొద్దున్నే పోతే మంచిది, లైన్ తక్కువుంటది. ఆధార్, ఆరోగ్యశ్రీ లేదా రేషన్ కార్డు, పాత రిపోర్టులు అన్నీ ఒకే కవర్లో పెట్టుకోండి, వాడే మందుల షీట్లు కూడా.