హారర్ గేముల్లో అంతుచిక్కని ముగింపును చదవడం ఎలా

కథాప్రధానమైన హారర్ గేమ్ ముగిసి తెర నల్లబడగానే ‘ఇంతకీ నిజంగా ఏం జరిగింది?’ అన్న ప్రశ్న తలెత్తడం సహజం. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఆటలో మనం ఏమేం చేశామో ముందుగా గుర్తు చేసుకోవాలి. ఎందుకంటే గేమ్ కథలో మన చేతలు కూడా సాక్ష్యమే.

2001లో కొనామి విడుదల చేసిన ‘సైలెంట్ హిల్ 2’ ఇందుకు నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ (కథ గుట్టు ఇక్కడ బయటపడుతుంది కనుక, ఆడనివారు ముందు ఆడి రావడం మంచిది). చనిపోయిన భార్య మేరీ నుంచి ఉత్తరం అందుకుని కథానాయకుడు జేమ్స్ సైలెంట్ హిల్ అనే ఊరికి వస్తాడు. ఏ ముగింపు కావాలో గేమ్ ఎక్కడా అడగదు, మన అలవాట్లను మాత్రం గమనిస్తూ ఉంటుంది. ఊళ్ళో కలిసే ఏంజెలా అనే యువతి నుంచి వచ్చిన కత్తిని పదే పదే పరిశీలించినా, గాయాలు మానకుండానే చాలాసేపు తిరిగినా, జేమ్స్ ప్రాణం తీసుకునే ‘ఇన్ వాటర్’ అనే విషాదాంతం వైపు కథ మొగ్గుతుంది. మేరీ ఫోటోను, ఉత్తరాన్ని తరచూ చూసుకుంటూ గాయాలకు వెంటవెంటనే మందు వేసుకుంటే, అతను ఊరు విడిచి వెళ్ళే ‘లీవ్’ ముగింపు వైపు మొగ్గుతుంది. కాబట్టి జేమ్స్ చావును శిక్ష అనాలా, భార్యను చేరుకోవడం అనాలా అని వాదించే ముందు, అతని ప్రాణాన్ని మనం ఎంత నిర్లక్ష్యం చేశామో చూసుకోవాలి.

ఇన్వెంటరీని, అంటే పాత్ర దగ్గరున్న వస్తువుల జాబితాను కూడా వదలకూడదు. అదే ఉత్తరాన్ని కథ చివరి దశలో మళ్ళీ తెరిస్తే అందులో రాత కనిపించదు; ఇంకొంత దూరం పోయాక ఆ ఉత్తరమే ఉండదు. ఆ ఉత్తరం అసలు ఉండేదా అన్న సందేహానికి ఏ పాత్రా చెప్పని జవాబు అక్కడ దొరుకుతుంది.

తరువాత, తెరపై కనిపించినదాన్ని, మనం ఊహించుకున్నదాన్ని విడివిడిగా కాగితం మీద రాసుకోవాలి. ‘లింబో’ (2010) చివర బాలుడు ఒక బాలికను సమీపిస్తాడు, ఆమె ఉలిక్కిపడుతుంది, కనిపించేది అంతే. వారిద్దరూ చనిపోయారన్నది మన ఊహ. అయితే మెయిన్ మెనూకు తిరిగి వస్తే అదే చోటు శిథిలమై, ఈగలు ముసురుతూ కనిపిస్తుంది కనుక ఆ ఊహకు బలం చేకూరుతుంది.

ఒకే గేమ్‌కు పలు ముగింపులు ఉన్నప్పుడు ‘అసలైనది’ ఏదో తేల్చాలన్న తొందర వద్దు. ఒకదాని వెలుగులో మరొకదాన్ని చదవాలి. ‘ఇన్‌సైడ్’ (2016) రహస్య ముగింపులో బాలుడు ప్లగ్ లాగేయగానే, దారిలో మనం చూసిన, సొంత ఆలోచన లేని మనుషుల మాదిరిగానే కుంగిపోతాడు. అది చూశాక ప్రధాన ముగింపులో, బాలుడు కలిసిపోయిన మాంసపు ముద్ద ఎండపడే ఒడ్డుకు చేరి ఆగిపోవడాన్ని విముక్తి అని వెంటనే అనలేము. పైగా ఆ ఒడ్డును పోలిన చిన్న నమూనా అంతకుముందే ప్రయోగశాలలో కనిపిస్తుంది. ‘విముక్తి’ అని రాసుకున్నవారు, ఆ నమూనాను అక్కడ ఎవరు, ఎందుకు పెట్టారో కూడా తమ వ్యాఖ్యానంలో చెప్పగలగాలి.