కెన్యాలోని పిల్లల ఆశ్రమానికి మళ్లీ వెళ్లేవారికి

పశ్చిమ కెన్యాలో, విక్టోరియా సరస్సు చుట్టుపక్కల ప్రాంతాల్లో హెచ్ఐవీ ఎందరో పిల్లలకు తల్లిదండ్రులను దూరం చేసింది. అటువంటి పిల్లల ఆశ్రమానికి ఏళ్లుగా విరాళం పంపుతూ, ఒకసారి చూసి వచ్చి, ఇప్పుడు మళ్లీ వెళ్లదలచినవారు ముందుగా అక్కడి బడి సెలవులు చూసుకోవాలి. ఏప్రిల్, ఆగస్టు నెలల్లోనూ ఏడాది చివరలోనూ సెలవులుంటాయి. బంధువులున్న పిల్లలు అమ్మమ్మల, మేనత్తల ఇళ్లకు వెళ్లవలసిన రోజులవి. దాత వస్తున్నాడని వారిని ఆశ్రమంలో ఆపివేయడం కంటే అన్యాయం లేదు కనుక, మీ కోసం ఎవరినీ ఆపవద్దని ముందే రాయండి.

ప్రయాణ సన్నాహాలు కొద్దిపాటివే. 2024 నుంచి వీసాకు బదులుగా ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ ధ్రువపత్రం లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు పంపవచ్చు. సరస్సు ప్రాంతంలో మలేరియా ఎక్కువ కనుక, ముందుజాగ్రత్త మాత్రల గురించి వైద్యుణ్ణి అడగండి. ప్లాస్టిక్ సంచులను కెన్యా 2017లోనే నిషేధించింది; చాక్లెట్లను అటువంటి సంచుల్లో మూటగట్టి తీసుకెళ్లకండి. అసలు చాక్లెట్ల కంటే సరస్సు ఒడ్డునున్న కిసుము నగరంలోని బజారులో మొక్కజొన్న పిండి, బీన్స్ కొని వంటశాలకు అప్పగించడం మేలు.

చూడవలసింది పిల్లల నృత్యం కాదు, రిజిస్టరు. గతసారి మీరు చూసిన పిల్లల్లో ఎందరు బంధువుల ఇళ్లకు చేరారు, చేరాక వారిని ఎవరు, ఎప్పుడు వెళ్లి చూశారు అన్నది పేరుపేరునా అందులో ఉండాలి. అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. పేదరికమే వారిని అక్కడికి చేరుస్తుంది. ఏళ్లు గడిచినా పిల్లల సంఖ్య తగ్గకపోతే, కారణం గట్టిగానే అడగండి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా 2019లో, పిల్లలు కుటుంబాల్లోనే పెరగాలని, ఆశ్రమాల్లో సందర్శకుల స్వచ్ఛంద సేవ వారికి చేటు చేయగలదని తీర్మానించింది.

పిల్లల్ని చూసుకునే ఆయాలు ఎన్నేళ్లుగా ఉన్నారో, జీతాలు సకాలంలో అందుతున్నాయో విచారించండి. (కొత్త గది కట్టించి శిలాఫలకం వేయించడానికి ముందుకొచ్చే దాతలు ఆయా జీతం దగ్గర ఆగిపోవడం ఇక్కడా అక్కడా ఒకటే.) మిమ్మల్ని ఎన్నడూ చూడని మూడేళ్ల పిల్ల పరుగున వచ్చి ఒడిలో కూర్చుంటే మురిసిపోకండి, చూసుకునేవారు తరచూ మారుతున్నారనడానికి అది గుర్తు కావచ్చు. ఆమెను నెమ్మదిగా ఆయాకు అప్పగించండి. ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టవద్దు, ఏ పిల్లకూ విడిగా మాట ఇవ్వవద్దు.

పెద్దవారై బయటికి వెళ్లినవారిని, వారు ఒప్పుకుంటే, కిసుములో ఒక హోటల్లో కలవండి. నిర్వాహకులు పక్కన లేనప్పుడు వారు చెప్పేదానికి విలువ ఎక్కువ. వచ్చే ఏడాది విరాళంలో కొంత భాగాన్ని, పిల్లల్ని తీసుకెళ్లిన అమ్మమ్మలకు యూనిఫారాల కోసం, పరీక్ష ఖర్చుల కోసం ఎం-పెసా (అక్కడ ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) ద్వారా నేరుగా అందించి, రసీదులు చూపమని నిర్వాహకులను లిఖితపూర్వకంగా కోరండి.