హార్డ్ డిస్క్ మొరాయిస్తోందా: లక్షణం, కారణం, పరిష్కారం

మూఢం మొదలైన వారంలోనే హన్మకొండలోని నా సర్వీస్ షాపుకు ఫొటో స్టూడియోల వాళ్లు సీపీయూలు మోసుకొని వస్తారు. ముహూర్తాలు ఉన్నన్ని రోజులు వాళ్లకు తీరిక ఉండదు కాబట్టి సిస్టం ఎంత సతాయించినా ఎట్లనో నెట్టుకొస్తారు. పెళ్లిళ్లు ఆగాక తెచ్చి టేబుల్ మీద పెట్టి, "అన్నా, ఫొటోలు ఓపెన్ అయితలేవు, జర డిఫ్రాగ్ జేసియ్యి" అంటారు. డిఫ్రాగ్, అంటే డిస్క్ మీద చెదిరిపోయిన ఫైల్ ముక్కలను దగ్గరికి చేర్చడం, ఈ మాట అందరి నోట్లో నానింది. కానీ నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటికి జబ్బు వేరే ఉంటుంది. కొన్నింటికైతే డిఫ్రాగ్ చేస్తే ఉన్న డేటా కూడా పోతుంది. అందుకే ఏ లక్షణానికి ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెప్తాను.

అన్నిటికన్నా ముందు మీ డిస్క్ ఏ రకమో చూడండి. స్టార్ట్ మెనూ సెర్చ్‌లో డిఫ్రాగ్ అని టైప్ చేస్తే "డిఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్" అనే కిటికీ తెరుచుకుంటుంది. అందులో మీడియా టైప్ అనే వరుసలో "సాలిడ్ స్టేట్ డ్రైవ్" అని ఉంటే అది ఎస్ఎస్‌డీ. హార్డ్ డిస్క్‌లో ఉన్నట్టు దాంట్లో తిరిగే పళ్లెం లేదు, ఆ పళ్లెం మీది డేటాను చదువుతూ కదిలే హెడ్ లేదు. ఫైల్ ఎన్ని ముక్కలైనా చదవడానికి చెప్పుకోదగ్గ తేడా రాదు. దాన్ని డిఫ్రాగ్ చేస్తే ఒరిగేది లేదు, అనవసరంగా రాతలు పెరిగి ఆయుష్షు తగ్గుతుంది. విండోస్ తనంతట తానే దానికి కావలసిన ట్రిమ్ పని (డిలీట్ చేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని డ్రైవ్‌కు చెప్పడం) చేసుకుంటుంది, దాన్ని అట్లనే వదిలేయండి. పెన్ డ్రైవ్‌లు, కెమెరా మెమరీ కార్డులు కూడా ఇదే లెక్క. కింద రాసేది చాలామటుకు "హార్డ్ డిస్క్ డ్రైవ్" అని చూపించే వాటి గురించి.

"ఆన్ జేస్తే పావుగంట పడ్తాంది, ఫైల్ తెరిస్తే గరగరమంటాంది"

ఇది నిజంగా డిఫ్రాగ్‌తో తగ్గే జబ్బు కావచ్చు. కారణం అర్థం కావాలంటే ఎనుమాముల మార్కెట్ సీజన్‌ను తలచుకోండి. ఒక రైతు నలభై బస్తాల మిర్చి తెచ్చాడు. గోదాంలో నలభై బస్తాలకూ ఒకే చోట జాగ లేదు. ఐదు ఇక్కడ, పది ఆ మూలకు, మిగతావి ఎక్కడ సందు దొరికితే అక్కడ వేశారు. రేపు ఆ సరుకు బయటికి తీయాలంటే హమాలీ గోదాం అంతా తిరగాలి. బస్తాలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు, తిరుగుడే ఎక్కువైంది. డిస్క్ మీద ఫైల్ ముక్కలు కావడం అంటే ఇదే. పాత ఫైళ్లు డిలీట్ చేసినప్పుడల్లా చిన్న చిన్న ఖాళీలు ఏర్పడతాయి. డిస్క్ నిండే కొద్దీ కొత్త ఫైల్‌ను ఆ ఖాళీల్లో ముక్కలుగా సర్దాల్సి వస్తుంది.

ఆ తిరుగుడు ఎంతో లెక్క వేద్దాం. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లకు పైగా. హెడ్ పక్కకు జరగడానికి మరో 8, 9. మొత్తం కలిపి ఒక్కో ముక్కకు 12, 13 మిల్లీసెకన్లు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. కానీ ఒక ఫైల్ వెయ్యి ముక్కలై ఉంటే చదవడం సంగతి అట్లుంచి, తిరగడానికే 12 సెకన్లు పోతాయి. ల్యాప్‌టాప్‌లలో వచ్చే 5400 చుట్ల డిస్క్ అయితే ఇంకా ఆలస్యం.

పరిష్కారం: అదే కిటికీలో డ్రైవ్‌ను ఎంచుకొని "అనలైజ్" నొక్కండి. ముక్కలైనవి 10 శాతం దాటి చూపిస్తే "ఆప్టిమైజ్" నొక్కండి. అంతకంటే తక్కువైతే మీ జబ్బు ఇది కాదు, కింద వెతకండి. పెద్ద పెద్ద వీడియోలు ముక్కలై ఉన్నా శాతం తక్కువే చూపిస్తుందేమని కొందరు అడుగుతారు. 64 ఎంబీ కంటే పెద్ద ముక్కలను విండోస్ లెక్కలోకి తీసుకోదు. అంత ముక్క చదవడానికే అర సెకను పడుతుంది, దాని పక్కన 12 మిల్లీసెకన్లు లెక్కలోకి రావు. కాబట్టి టెన్షన్ పడకండి.

డిఫ్రాగ్‌కు డ్రైవ్‌లో కనీసం 15 శాతం ఖాళీ ఉండాలి. బస్తాలు మార్చాలంటే నడుమ కొంత జాగ కావాలి కదా. 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తుంది, అందులో 15 శాతం అంటే దాదాపు 140 జీబీ. అంత ఖాళీ లేకుండా మొదలుపెడితే గంటల తరబడి నడిచి సగంలోనే వదిలేస్తుంది. యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఒక్కసారి కరెంటు పోతే ఫైళ్లన్నీ పోతాయని కాదు, కానీ హెడ్ పనిలో ఉండగా అట్లా పదే పదే ఆగిపోవడం పాత డిస్క్‌కు మంచిది కాదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. విస్టా అనే పాత వెర్షన్ నుంచి ఇప్పటిదాకా విండోస్ వారానికోసారి ఈ పని తనే చేసుకునేలా ఉంటుంది. సిస్టం ఆన్‌లో ఉండి, ఎవరూ వాడని సమయంలో అది జరుగుతుంది. మన నెట్ సెంటర్లలో, స్టూడియోల్లో పొద్దంతా సిస్టం మీద పని నడుస్తుంది, రాత్రి షట్టర్ దించే ముందు మెయిన్ స్విచ్ ఆపేస్తారు. దానికి సమయం ఎక్కడ దొరుకుతుంది? ఆ కిటికీలో చివరిసారి ఎప్పుడు చేసిందో తేదీ ఉంటుంది. "నెవర్ రన్" అని ఉంటే కారణం అదే. నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం సిస్టం ఆన్ చేసి వదిలేస్తే సరిపోతుంది.

"టాస్క్ మేనేజర్‌ల డిస్క్ 100 శాతం జూపిస్తాంది"

ఇక్కడ తప్పు ఎక్కువగా డిస్క్‌ది కాదు. ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాంలు వాడుకునే తాత్కాలిక మెమరీ) 4 జీబీ మాత్రమే ఉంటే విండోస్ చోటు చాలక డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అనే తలకట్టు మీద నొక్కితే ఎక్కువ వాడుతున్న ప్రోగ్రాం పైకి వస్తుంది. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. అప్‌డేట్ నడుస్తుంటే అయ్యేదాకా ఆగండి. ర్యామ్ పెంచితే తగ్గేదానికి డిఫ్రాగ్ చేసి లాభం లేదు.

"టక్... టక్... అని సప్పుడు వస్తాంది"

ఈ ఒక్క భాగం నిదానంగా చదవండి. గరగర శబ్దం వేరు, సమానంగా ఆగి ఆగి వచ్చే టక్ టక్ వేరు. రెండోది హెడ్ తన చోటు దొరక్క మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్తున్న శబ్దం.

షాపు పెట్టిన కొత్తలో పరకాల వైపు నుంచి ఒక ఫొటోగ్రాఫర్ ఇలాంటి డిస్క్ తెచ్చాడు. అప్పటికి రెండు ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి. కాపీ తీయకుండా ముందు డిస్క్‌ను బాగు చేద్దామని, చెడిపోయిన సెక్టార్లు (డేటా రాసే చిన్న చిన్న గడులు) వెతికే విండోస్ ప్రోగ్రాం చెక్ డిస్క్ పెట్టాను. అది డిస్క్‌లోని ప్రతి చోటునూ చదువుతుంది. అసలే ప్రాణం మీద ఉన్న హెడ్‌ను మైలు దూరం పరుగెత్తించినట్టు. రెండు గంటల తర్వాత శబ్దం ఆగిపోయింది, తర్వాత బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలో) డిస్క్ పేరు కూడా కనిపించలేదు. పెళ్లికూతురు వాళ్ల నాయనమ్మ చివరి ఫొటోలు ఆ పెళ్లివే. ఆ రెండు ఫోల్డర్లు ముందే కాపీ చేసి ఉంటే దక్కేవి. తప్పు నాదే. ఆనాటి నుంచి ఏ డిస్క్ వచ్చినా కాపీ తీశాకే మిగతా పని.

ఏం చూడాలి? క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెరవండి. నీలం రంగులో "గుడ్" అని ఉంటే మంచిదే. పసుపు రంగులో "కాషన్" వస్తే కింద రెండు వరుసలు చూడండి: "రీఅలొకేటెడ్ సెక్టార్స్" (చెడిపోయి, బదులుగా వేరేవి వాడుతున్నవి), "కరెంట్ పెండింగ్ సెక్టార్" (చదవలేక అనుమానంలో ఉన్నవి). ఈ రెండు వరుసల్లో రా వాల్యూ అన్న చోట అన్నీ సున్నాలే ఉండాలి. ముఖ్యంగా పెండింగ్‌లో ఏ అంకె కనిపించినా డిఫ్రాగ్ మాటే ఎత్తొద్దు, చెక్ డిస్క్ కూడా వద్దు. మళ్లీ తీయలేని ఫొటోలు, పాస్ పుస్తకం, భూమి కాగితాల స్కాన్లు, ఇట్లాంటి చిన్నవి ముందు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. శబ్దం మరీ ఎక్కువైతే కరెంటు తీసేసి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి. మూత విప్పి చూడడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటివి చేయకండి.

ఒకవేళ ఈ రెండూ సున్నాగా ఉండి, "అల్ట్రా డీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్" అన్న వరుసలో అంకె పెరుగుతుంటే డిస్క్ బాగానే ఉన్నట్టు, కేబుల్ చెడింది. డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చండి. పాత సీపీయూల్లో దుమ్ము పేరుకొని ఆ మొన వదులైపోయి ఉంటుంది.

"ఫైల్ ఏడ వెట్టిన్నో దొర్కుతలేదు, డిఫ్రాగ్ జేస్తే సక్కగైతదా?"

కాదు. డిఫ్రాగ్ ఫైల్ ముక్కలను పళ్లెం మీద దగ్గరికి చేరుస్తుంది, మీ ఫోల్డర్ల జోలికి రాదు. అట్లాగే మీరు ఒకే డ్రైవ్‌లో ఫైల్‌ను ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు మారిస్తే చిరునామా మారుతుంది తప్ప సరుకు ఉన్నచోటే ఉంటుంది. సి నుంచి డి డ్రైవ్‌కు మార్చినప్పుడే నిజంగా కదులుతుంది. అందుకే వరుస ముఖ్యం: ముందు అక్కరలేనివి తీసేయడం, తర్వాత సర్దడం, ఆఖరుకు డిఫ్రాగ్. ముందే డిఫ్రాగ్ చేసి తర్వాత 200 జీబీ తీసేస్తే మళ్లీ అన్నీ ఖాళీలే.

తీసేయడానికి విండోస్‌లోనే ఉండే డిస్క్ క్లీనప్ వాడండి. ఎక్కువ చోటు ఎక్కడ పోతుందో విజ్‌ట్రీ అనే ప్రోగ్రాం కొన్ని సెకన్లలోనే చూపిస్తుంది. డ్రైవ్ నుంచి డ్రైవ్‌కు మార్చేటప్పుడు కట్ చేయొద్దు, కాపీ చేయండి. రెండు ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, బైట్ల లెక్క ఒకేలా ఉన్నాయని చూసి పాతది తీసేయండి. డి డ్రైవ్ అదే డిస్క్‌లో ఒక భాగమైతే దాన్ని బ్యాకప్ అనుకోవద్దు.

పేర్ల విషయంలో ఏడాది ముందు, నెల తర్వాత, తేదీ ఆఖరుకు రాయండి: 2024-02-21 మేడారం. ఇట్లా రాస్తే కంప్యూటర్ తనే వరుసగా పేరుస్తుంది. ఫ్లెక్సీలు వేసేవాళ్లకు ఇది మరీ అవసరం. జాతర రెండేళ్లకోసారి వస్తుంది, 2022 డిజైన్ 2024లో కావాలి, 2024ది 2026లో కావాలి. "ఫైనల్", "ఫైనల్ 2", "లాస్ట్ ఫైనల్" అని పెట్టుకుంటే రెండేళ్ల తర్వాత ఎవరికి గుర్తుంటుంది?

జిల్లా పేర్లతో ఫోల్డర్లు పెట్టుకున్న నెట్ సెంటర్ల వాళ్లకు మన దగ్గర ప్రత్యేకంగా ఒక చిక్కుంది. 2016 అక్టోబర్ 11కు ముందు "వరంగల్" అంటే ఉమ్మడి జిల్లా. తర్వాత అది వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, మరికొన్ని జిల్లాలుగా విడిపోయింది. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. కాబట్టి "వరంగల్" అనే ఒకే ఫోల్డర్‌లో 2015 కాగితమూ 2023 కాగితమూ ఉంటే అవి వేర్వేరు జిల్లాలవి కావచ్చు. పైన ఏడాది ఫోల్డర్, దాని లోపల జిల్లా, దాని లోపల మండలం పెట్టుకోండి. అంతకు మించి లోతుకు పోవద్దు, డ్రైవ్ అక్షరం నుంచి ఫైల్ పేరు దాకా మొత్తం దారి (పాత్) 260 అక్షరాలు దాటితే విండోస్ కాపీ చేయనని మొండికేస్తుంది. అను ఫాంట్లలో టైప్ చేసే డీటీపీ వాళ్లు ఫైల్ పేరు మాత్రం యూనికోడ్ తెలుగులో రాయండి, లేకపోతే పేరు పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది.

"అన్నీ జేసినం, అయినా స్లోనే"

డిస్క్ మంచిగుండి, ర్యామ్ సరిపోయి, ఖాళీ ఉండి, డిఫ్రాగ్ చేశాక కూడా ఆన్ కావడానికి ఐదు నిమిషాలు పడుతుంటే ఆ డిస్క్ వేగం అంతే. విండోస్‌ను చిన్న ఎస్ఎస్‌డీ మీదికి మార్చి, హార్డ్ డిస్క్‌ను ఫొటోలు దాచుకోవడానికి ఉంచుకోండి. మార్చాక పాత డిస్క్‌ను వెంటనే ఫార్మాట్ చేయకండి. దాని మీద తేదీ, లోపల ఏముందో స్కెచ్ పెన్‌తో రాసి కాగితం అంటించి, మూడు నెలలు బీరువాలో పెట్టండి. మరచిపోయిన ఫైల్ ఏదైనా ఉంటే ఆ మూడు నెలల్లో ఎవరో ఒక కస్టమర్ వచ్చి అడుగుతారు.